కళ్ళూ ముక్కూ లేని అమ్మ బొమ్మ

నాకు మొదటి పోస్టింగు ఇచ్చిన బడి బూర్గంపాడు దాటాక అడవి లోపల ఉండేది. బస్సు రోడ్డు మీద దింపేస్తే అక్కడి నుంచి ముప్పావుగంట నడక. మధ్యలో ఒక వాగు. నేను వేంసూరు వైపు పుట్టి పెరిగినదాన్ని. పొలాలూ మామిడి తోటలూ తెలుసు గానీ అడవి తెలియదు. బూర్గంపాడులో ఒక గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరేదాన్ని. రాష్ట్రం అప్పటికింకా ఒక్కటే. సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులు. వాగు దాటితే సిగ్నల్ ఉండేది కాదు.

బడి అంటే ఒక గది, ఒక వరండా. ఐదు తరగతులకీ కలిపి ముప్పైమంది లోపు పిల్లలు, అందరూ కోయవాళ్ళే. టీచర్ని నేనొక్కదాన్నే. ఇళ్ళలో వాళ్ళు మాట్లాడేది వాళ్ళ భాష. పుస్తకంలో ఉన్నది నా భాష. నేను పాఠం చదువుతుంటే చిన్నపిల్లలు అర్థం కాక నా నోటి వంక చూస్తూ కూచునేవాళ్ళు. రెండు నెలలు అలా గడిచాక, సాయంత్రం రోడ్డు మీద బస్సు కోసం నిలబడినప్పుడు ఒక్కోసారి ఏడుపొచ్చేది.

బొమ్మలు వేయించడం వేరే దారి లేకే మొదలుపెట్టాను. ట్రైనింగులో ఉండగా ఖమ్మంలో పాత పుస్తకాల బండి మీద ఒక లావుపాటి బొమ్మల పుస్తకం కొన్నాను. అట్ట లేదు, ముందు పేజీలు కొన్ని లేవు. లోపల మాత్రం ప్రపంచంలో పేరుమోసిన చిత్రకారుల బొమ్మలు రంగుల్లో ఉన్నాయి. ఒకరోజు దాన్ని సంచిలో పెట్టుకెళ్ళి వరండాలో తెరిచాను. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి చూశారు. ఆ రోజు తరగతిలో ఎవరికీ తెలుగు అడ్డం రాలేదు.

అక్కడి నుంచి నెలకొక చిత్రకారుడు. ఆయన ఎక్కడివాడో, ఎట్లా బతికాడో వచ్చీరాని కోయ మాటల్లో, సైగల్లో చెప్పేదాన్ని. ఆయన ఎట్లా వేశాడో పిల్లల చేత అట్లాగే వేయించేదాన్ని. రంగుపెట్టెలు కొనే స్తోమత బడికి లేదు. పసుపు, బొగ్గు, సున్నం, వాగు ఒడ్డున దొరికే ఎర్రమన్ను, బట్టలకి వేసే నీలిమందు తెచ్చుకునేవాళ్ళం. ఫాల్గుణంలో మోదుగుపూలు ఉడకబెడితే నారింజ రంగు దిగేది. తుమ్మజిగురు నానబెట్టి కలిపితే రంగు కాగితానికి పట్టుకునేది. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకోవడం నాకు పిల్లలే నేర్పారు. కాగితాలంటే పాత రిజిస్టర్లలో ఒకవైపు ఖాళీగా ఉన్నవి.

విదేశీ పేర్లు నోరు తిరక్క పిల్లలు చిత్రకారులకి వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. పసుపు పూలు వేసి, బతికున్నన్నాళ్ళు ఎవరికీ పట్టకుండా పోయినాయన పొద్దుతిరుగుడాయన. చుక్కలతోనే బొమ్మంతా నింపినాయన చుక్కలాయన. మంచాన పడ్డాక కుంచె పట్టుకోలేక రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేసినాయన కత్తెర తాత. కత్తెర తాత నెలలో బడి గోడ నిండా ఆకులూ పక్షులూ అంటించారు. తల్లిదండ్రులు కూలికి పోతూ ఆగి చూసి పోయేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం గురించి దాచకుండా చెప్పాలి, తర్వాత జరిగినదానిలో దాని పాలు ఉంది కాబట్టి.

రెండో ఏడు చలికాలంలో అద్దం తాత వంతు వచ్చింది. ఆయన పడుచుతనం నుంచి ముసలితనం దాకా అద్దంలో చూసుకుంటూ తన ముఖాన్నే మళ్ళీ మళ్ళీ వేసుకున్న చిత్రకారుడు. డబ్బున్నప్పుడూ వేసుకున్నాడు, అన్నీ పోగొట్టుకున్నప్పుడూ వేసుకున్నాడు. నేను చేతి అద్దం ఒకటి తీసుకెళ్ళాను. పిల్లలు వంతులవారీగా అద్దంలో చూసుకుని బొగ్గుతో తమ ముఖాలు గీసుకున్నారు, ఒకరి ముక్కు చూసి ఒకరు పడిపడి నవ్వారు. మర్నాటికి ఇంట్లో ఒకరి ముఖం గీసుకుని రమ్మన్నాను. ఎవరిదైనా సరే, బాగా చూసి గీయాలి అన్నాను.

మర్నాడు వచ్చిన కాగితాల్లో మూడో తరగతి పిల్లది ఒకటి ఉంది. ఎనిమిదేళ్ళుంటాయి. తరగతిలో నోరు విప్పదు, చెయ్యి మాత్రం అందరికంటే చక్కగా తిరుగుతుంది. కాగితం మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పక్కకి వేసిన కొప్పు, అందులో పూలు, మెడలో నాలుగు వరసల పూసలు విడివిడిగా, చీర కుచ్చిళ్ళు, చంకలో బిందె, ముంజేతి మీద పచ్చబొట్టు చుక్కలు. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు.

"ఏమ్మా, ముఖం గీయలేదేం?" అని అడిగాను.

తల దించుకుంది. మళ్ళీ అడిగాను. తెలుగులోనే చెప్పింది.

"యాదికొస్తలేదు టీచర్."

"ఎవరిది?"

"మా అమ్మది."

పక్కనున్న పిల్లలు చెప్పారు, వాళ్ళమ్మ చచ్చిపోయిందని. నేను ఆ ఊరికి రాకముందు వానాకాలంలో పోయిందట.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి మిరపతోట కూలికి వెళ్ళి ఇంకా రాలేదు. నానమ్మ ముంగిట్లో విప్పపలుకులు కొడుతూ కూచుని ఉంది. ఆమెకి తెలుగు బాగానే వచ్చు.

"జొరం వచ్చింది బిడ్డా," అంది. "మూడు దినాలు ఒళ్ళు కాలిపోయింది. వాగు నిండుగ వస్తున్నది. మంచం మీద పండుకోబెట్టి నలుగురు మోసిండ్రు. నీళ్ళు తగ్గేదాక ఒడ్డునే కూసున్నరు. దవాఖానా దాక పోనేలేదు."

ఫోటో ఏమైనా ఉందా అని అడిగాను. లేదు. రేషన్ కార్డుకి ఫోటో దిగడానికి ఊరంతా వెళ్ళిన రోజున కోడలు బీడీల తునికాకు కోతకి వెళ్ళిందట. కార్డులో తండ్రి, నానమ్మ, తండ్రి ఒళ్ళో పిల్ల ఉన్నారు. ఆమె పేరుంది గానీ ముఖం లేదు.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. పిల్ల బొమ్మలో ఆ ఖాళీ జాగా కళ్ళముందు నిలిచింది. దాన్ని నింపాలని నాకు నేనే తీర్మానించుకున్నాను. నింపమని పిల్ల అడగలేదు. నానమ్మ అడగలేదు. ఎవరూ అడగలేదు.

బూర్గంపాడులో ఒక పెయింటర్ ఉండేవాడు. దుకాణాల బోర్డులు, లారీల నంబర్లు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు రాసే మనిషి. తండ్రి కాలం నుంచీ అదే పనట. యాభై దాటిన ముసల్మాను, ఊళ్ళో అందరికీ భాయ్. ఆ ఏడు బడి గోడల మీద అక్షరాలూ భారతదేశం పటమూ రాయడానికి వచ్చి, పిల్లలు ఈతపుల్లలతో వేయడం చూసి ముచ్చటపడి, రెండు పాత కుంచెలు ఇచ్చి వెళ్ళాడు. నేను ఆయన దుకాణానికి వెళ్ళి సంగతి చెప్పాను.

"ఫోటో ఇయ్యుండ్రి మేడం, గీస్త," అన్నాడు.

"ఫోటో లేదు భాయ్. ఇంట్లోవాళ్ళు చెప్తారు, మీరు గీయాలి."

"చూడని మనిషి మొఖం నేనెన్నడు గీయలె. గట్ల గీస్తే గది ఆమె మొఖం అయితదా?"

"పిల్ల కోసం భాయ్."

ఆయన కుంచె తుడిచి డబ్బాలో పెట్టాడు. "సరే, ఆదివారం వస్త," అన్నాడు.

ఆదివారం సైకిల్ మీద పెన్సిళ్ళూ డ్రాయింగు కాగితాలూ తెచ్చాడు. వాళ్ళింటి ముంగిట్లోనే కూచున్నాం. తండ్రి, నానమ్మ, పిల్ల, చుట్టూ ఇరుగుపొరుగు. ముఖం గుండ్రంగా ఉండేదని తండ్రి అన్నాడు. కోలగా ఉండేదని నానమ్మ అంది. ఇద్దరూ వాళ్ళ భాషలో కాసేపు వాదించుకున్నారు. ముక్కు గురించి ఎవరూ తేల్చలేకపోయారు. నవ్వితే ఎట్లా ఉండేదో ఒకామె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చేసి చూపించింది. అందరూ అవునవును అన్నారు గానీ దాన్ని గీయడం ఎట్లా?

మొదటి కాగితం చూసి పిల్ల తల అడ్డంగా ఊపింది. రెండోది చూసి, "కాదు" అంది.

"ఏంది బేటీ కానిది? కండ్లా, ముక్కా?" అని ఆయన అడిగాడు.

"తెల్వది," అంది.

మూడో కాగితం పూర్తయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పెద్ద కళ్ళు, సన్నటి ముక్కు, చిన్న నోరు, నుదుటన బొట్టు. కొప్పూ పూసలూ పిల్ల గీసినట్టే. పిల్ల చాలాసేపు చూసింది. నేను ఆమెనే చూస్తున్నాను. ఆమె ఒప్పుకుంటే బాగుండునని నా ముఖంలో ఎంత స్పష్టంగా రాసుందో ఇప్పుడు ఊహించుకోగలను. పిల్ల నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ కాగితం వైపు చూసి, మెల్లగా అంది.

"గిట్లనే ఉండె కావచ్చు."

నానమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. దుఃఖం ఆపుకోలేక వెళ్ళిందనుకున్నాను.

రంగులు పిల్లే వేసింది, బడిలో, వారం రోజులపాటు. ఎర్రమన్నులో బొగ్గు కలిపి, అమ్మ ఇంకా నలుపు అని మళ్ళీ కలిపి. పూసలకి నీలిమందు, కొప్పులో పూలకి పసుపు. అంత శ్రద్ధగా ఏ పిల్లా రంగు వేయగా నేను చూడలేదు.

బొమ్మ గీసిన ఆ ఆదివారం తిరిగి వెళ్ళేటప్పుడు వాగు దగ్గర సైకిల్ ఆపి భాయ్ నాతో ఒక మాట అన్నాడు.

"మేడం, బురా మత్ మానో, ఏమనుకోకుండ్రి. గది చీరల దుకాణం బోర్డు మీది ఆడమనిషి. ముప్పయ్యేండ్ల సంది గదే గీస్తున్న. చెయ్యికి ఏ మొఖం అలవాటైతే గదే వస్తది. మనం తప్పు చేసినమేమో."

"పిల్ల సంతోషపడింది కదా భాయ్," అన్నాను.

ఆయన సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

పిల్ల నిజంగానే మారింది. బొమ్మని ఇంట్లో మట్టిగోడకి జిగురుతో అంటించుకుంది. బడిలో మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున్నే అమ్మకి చెప్పి వచ్చానని తోటిపిల్లలతో అనేది. మండల కేంద్రంలో టీచర్ల సమావేశం జరిగినప్పుడు నేను ఈ సంగతంతా చెప్పాను. ముఖం లేని బొమ్మ గురించి, మూడో కాగితం గురించి. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన లేచి, ఉపాధ్యాయురాలంటే ఇలా ఉండాలన్నాడు. భాయ్ అన్న మాట మాత్రం నేను అక్కడ చెప్పలేదు.

రెండేళ్ళు గడిచాయి. పిల్ల ఐదో తరగతికి వచ్చింది. ఈలోగా ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. భాయ్ దుకాణం మూసేసి కొడుకు దగ్గరికి ఖమ్మం వెళ్ళిపోయాడని తెలిసింది. వెళ్ళేముందు నాకు చెప్పలేదు. చెప్పాల్సినంత పరిచయమూ కాదు.

ఎన్నికలు దగ్గరపడి, మా టీచర్లకి ఓటర్ల జాబితా పని వేశారు. ఇల్లిల్లూ తిరిగి కొత్తవాళ్ళ పేర్లు చేర్చాలి, చనిపోయినవాళ్ళవి కొట్టేయాలి. ఆసారి జాబితాలో పేరు పక్కన ఫోటో కూడా అచ్చు వేశారు. నేను బూర్గంపాడులో నా గదిలో కూచుని, కొట్టేయాల్సిన పేర్ల పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటున్నాను. ఒక ఇంటి నంబరు దగ్గర చెయ్యి ఆగింది. ఆ పిల్ల నానమ్మ, తండ్రి, ఆ కింద తండ్రి పేరే భర్తగా రాసి ఉన్న ఇంకొక మనిషి. ఆమె ఎప్పుడో ఓటరు కార్డు కోసం ఫోటో దిగింది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి గుర్తులేనట్టుంది. కార్డు ఇంటికి చేరిందో లేదో కూడా తెలియదు.

బొటనవేలి గోరంత ఫోటో, నలుపు తెలుపు. కనుబొమలు ముడిపడ్డాయి, ఎండలో నిలబెట్టి తీసినట్టున్నారు. చిన్న కళ్ళు. వెడల్పాటి ముక్కు, దానికి రెండువైపులా పుడకలు. పెద్ద నోరు, దాన్ని గట్టిగా బిగించి ఉంది. ముఖం కోలగా ఉంది. నానమ్మ చెప్పిందే నిజం. మేము గీసిన ముఖానికీ ఆ ముఖానికీ ఒక్క పోలిక లేదు. పిల్లకి మాత్రం నూటికి నూరుపాళ్ళు ఆ ముక్కే, ఆ నోరే. అద్దం తాత రోజున పిల్ల బొగ్గుతో గీసుకున్న తన ముఖం ఒక్కటి భాయ్‌కి చూపించి ఉంటే సరిపోయేది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

జిరాక్సు దుకాణంలో దాన్ని అరచేతంత పెద్దది చేయించాను. చుక్కలు చుక్కలుగా వచ్చింది గానీ ముఖం తెలుస్తోంది. తప్పు దిద్దుకునే దారి దొరికిందనుకున్నాను.

బడి వదిలాక పిల్లని ఆపి, వరండాలో పక్కన కూచోబెట్టుకుని, కాగితం చేతికిచ్చాను. చూసింది.

"ఎవరు టీచర్ ఈమె?" అంది.

ఇంకోసారి చూడమని కాగితం మీద వేలు పెట్టాను.

"మన ఊరామెనా?"

"నువ్వు గుర్తుపడతావేమోనని తెచ్చాను."

మళ్ళీ చూసింది. మంచి పిల్ల, టీచర్ అడిగిందని నిజంగానే ప్రయత్నించింది. "లేదు టీచర్, నేనెప్పుడు చూడలె," అంది. నేను ఊళ్ళో చనిపోయినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నానని పిల్లలకి తెలుసు. అందుకే కాబోలు, "చచ్చిపోయిందా ఈమె?" అని అడిగింది.

"అవును."

"పిల్లలున్నరా?"

"ఒక పాప ఉంది," అన్నాను.

"అయ్యో," అంది. కాగితం జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, సంచి తగిలించుకుని ఇంటికి వెళ్ళింది.

తర్వాత నానమ్మ దగ్గరికి వెళ్ళాను. పిల్ల నీళ్ళకి వెళ్ళింది. ముసలామె కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. చూస్తూనే కింద కూలబడింది. చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆ ముఖాన్ని వేళ్ళతో తడిమింది, నుదురు, ముక్కు, మూసుకున్న నోరు. వాళ్ళ భాషలో ఏదో అంది. కోడల్ని పిలిచిందని మాత్రం అర్థమైంది.

కాసేపయ్యాక నేనే అడిగాను. "ఆ రోజు గీసినప్పుడు ఆమె కాదని నీకు తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?"

"మంచికి జేస్తున్నవు గద బిడ్డా," అంది. "పంతులమ్మవు. నీకెట్ల చెప్తం?"

"ఇప్పుడు పిల్లకి చెప్దామా?"

గోడ మీది బొమ్మ వైపు చూసింది. రంగులు వెలిసిపోయి, పెద్ద పెద్ద కళ్ళు మాత్రం మిగిలాయి.

"వద్దు," అంది. "దినాము పొద్దున లేసి దానితోని మాట్లాడుతది. గిప్పుడు అది అమ్మ గాదంటే, అమ్మ రెండుసార్లు పోయినట్టైతది. ఒక్కసారి సాలు."

జిరాక్సు కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకుంది. నేను గదికి తిరిగొచ్చి, ఆమె పేరు పక్కన తొలగింపు అని రాశాను. ఆ పని నా చేతులతోనే చేశాను.

ఆ వేసవి తర్వాత పిల్ల హాస్టలు బడికి వెళ్ళింది. గోడ మీది బొమ్మని ఊడదీయబోతే చిరుగుతోందని, గోడమట్టితో సహా పెచ్చుగా లేపి, పాత చీర గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకుందని తండ్రి చెప్పాడు. మరుసటేడు నాకు దమ్మపేట బదిలీ అయింది. అక్కడ ఉండగా ఆ ఊరి మనిషొకాయన బస్సులో కలిసి, నానమ్మ పోయిందని చెప్పాడు. ఆమె బొడ్లో ఉండాల్సిన కాగితం ఏమైందని నేను అడగలేదు. అడిగితే ఆయనకి అర్థమయ్యేది కాదు. పిల్లకి నిజం చెప్పగలిగినవాళ్ళలో ఇక ఆ తండ్రి, నేను మిగిలాం. తండ్రికి చదువు రాదు, ఆ ఫోటో చూడనూ లేదు.

కొత్త బడిలో కూడా పిల్లల చేత బొమ్మలు వేయించాను. పూలు, చుక్కలు, కత్తిరించిన పక్షులు, అన్నీ. ఒకసారి ఒక పిల్లవాడు ఇంటి బొమ్మ వేసి తలుపు గీయడం మరిచిపోయాడు. గీయమని చెప్పబోయి ఆగాను. వాడి పక్కన కూచుని, "ఈ ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగాను. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. బడి గంట కొట్టేదాకా వింటూ కూచున్నాను.